ఇంజిన్‌లోకి దొంగగాలి: వాక్యూమ్ లీకు వెతుకులాటపై ఒక సమీక్ష

సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతుంది. యాక్సిలరేటర్ తొక్కకుండానే రేస్ ఎక్కుతుంది, దిగుతుంది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. హైవే ఎక్కితే మాత్రం ఏ రోగమూ లేనట్టు పరుగెడుతుంది. ఈ ఫిర్యాదుతో షెడ్డుకు వచ్చిన పెట్రోల్ కారుకు ముందు స్పార్క్ ప్లగ్గులు మారతాయి. తగ్గకపోతే కాయిల్స్, తర్వాత ఆక్సిజన్ సెన్సార్, ఆపైన థ్రాటిల్ బాడీ. వేల రూపాయలు ఖర్చయ్యాక, మానిఫోల్డ్ వెనకాల ఓ జానెడు రబ్బరు పైపు పగిలి ఉందని ఎవరో కనిపెడతారు. ఆ పైపు ఖరీదు ప్లగ్గుల ఖరీదులో పదో వంతు కూడా ఉండదు.

వాక్యూమ్ లీకు విషయంలో మరమ్మతు చవక, వెతుకులాటే ఖరీదు. దీనికి మెకానిక్‌ల అసమర్థత కంటే పెద్ద కారణం ఒకటుంది. లీకు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ ఉంది అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పే సాధనం రెండోదానికి చెప్పదు, రెండోదానికి చెప్పేది మొదటిదానికి పనికిరాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే డబ్బు, కాలం వృథా అవుతున్నాయి. ప్రస్తుతం షెడ్లలో వాడుకలో ఉన్న పద్ధతులను ఈ గీటురాయి మీద పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాలి ఎందుకు చొరబడుతుంది

పెట్రోల్ ఇంజిన్ శక్తిని అదుపు చేసేది గాలిని ఆపడం ద్వారానే. కాలు తీసేస్తే థ్రాటిల్ పలక దాదాపుగా మూసుకుంటుంది. పిస్టన్లు మాత్రం కిందికి దిగుతూ గాలిని లాగుతూనే ఉంటాయి. దాంతో థ్రాటిల్‌కు, సిలిండర్లకు మధ్య ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి పడిపోతుంది. బయట వాతావరణ పీడనం సముద్రమట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్ ఉంటే, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ మానిఫోల్డ్‌లో ఐడిల్ దగ్గర 30 నుంచి 40 కిలోపాస్కల్స్ మాత్రమే ఉంటుంది. వాక్యూమ్ గేజీ భాషలో ఇది 17 నుంచి 21 అంగుళాల పాదరసం.

ఈ లాగుడు శక్తిని వృథా పోనివ్వకుండా కార్ల తయారీదారులు రకరకాల పనులకు వాడుకున్నారు. బ్రేకు పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ దీని మీదే నడుస్తుంది. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ 1920ల్లో రూపొందించిన ఏర్పాటు అది. క్రాంక్‌కేసులోని పొగను తిరిగి ఇంజిన్‌లోకి లాగే పీసీవీ వాల్వు, పెట్రోల్ ట్యాంకు ఆవిరిని పీల్చే పర్జ్ వాల్వు కూడా ఈ వాక్యూమ్ మీద ఆధారపడ్డవే. ప్రతి సదుపాయానికీ ఒక పైపు, ప్రతి పైపుకూ రెండు అతుకులు. మానిఫోల్డ్‌కు పెట్టిన ప్రతి రంధ్రమూ రేపటి లీకుకు తలుపే.

రెండు మిల్లీమీటర్ల రంధ్రం లెక్క

లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సుమారు 53 శాతం కంటే తగ్గితే, రంధ్రంలోంచి దూరే గాలి ధ్వనివేగాన్ని అందుకుంటుంది. అక్కడినుంచి లోపల ఎంత లాగినా ప్రవాహం పెరగదు. ఐడిల్ దగ్గర మానిఫోల్డ్ పరిస్థితి సరిగ్గా ఇదే. బానెట్ తెరిస్తే వినిపించే బుస్సుమనే శబ్దం ఇందువల్లే పుడుతుంది.

ఇక లెక్క. ఈ స్థితిలో 2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రం సెకనుకు దాదాపు 0.6 గ్రాముల గాలిని లోపలికి పంపుతుంది. వేడెక్కిన 1.2 లీటర్ ఇంజిన్‌కు ఐడిల్‌లో కావలసిన గాలి సెకనుకు సుమారు 2 గ్రాములు. అంటే అవసరంలో మూడో వంతు దాకా లెక్కలో లేని గాలే. అదే ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 7 గ్రాములు మింగుతుంటే, అదే రంధ్రం వాటా పదింట ఒక వంతుకు దిగుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం, లీకు సున్నాకు చేరుతుంది. ఐడిల్‌లో వణికే బండి హైవే మీద ఎందుకు బాగుంటుందో ఈ అంకెలే చెబుతాయి. రోగ నిర్ణయానికి అసలు ఆధారం కూడా ఇదే.

మాఫ్ బండి, మ్యాప్ బండి

కార్బురేటర్ రోజుల్లో లీకు పడితే మిశ్రమం పలచబడి బండి ఆగిపోయేది. మెకానిక్ స్క్రూ తిప్పి మిశ్రమం చిక్కబరిచి పంపేవాడు. ఇప్పుడా పని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ చేస్తోంది. 1976లో వోల్వో కార్లలో తొలిసారి వచ్చిన ఆక్సిజన్ సెన్సార్ పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి ఈసీయూకు చెబుతుంది. అది పెట్రోల్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది. అంటే ఆధునిక కారు లీకును కొంతకాలం దాచిపెడుతుంది. సర్దుబాటు హద్దు దాటినప్పుడే లైటు వెలుగుతుంది. లైటు వెలిగే నాటికి లీకు పాతబడి ఉంటుంది.

అయితే అన్ని బండ్లూ ఒకేలా స్పందించవు. లీకుల గురించిన సలహాల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ తర్వాత మాఫ్ సెన్సార్ ఉంటుంది, అది లోపలికి వచ్చే గాలి బరువును నేరుగా కొలుస్తుంది. దాని వెనకాల ఎక్కడ గాలి దూరినా ఆ గాలి లెక్కలోకి రాదు. దానికి తగిన పెట్రోల్ పడదు, మిశ్రమం పలచబడుతుంది. పెట్రోల్‌కు గాలి 14.7 పాళ్లు ఉండాల్సింది అంతకు మించుతుంది. ఈసీయూ పెట్రోల్ పెంచీ పెంచీ చివరికి పి0171 కోడ్ రాసి లైటు వేస్తుంది. వి ఆకారపు ఇంజిన్లలో రెండో వరసకు పి0174 వస్తుంది.

మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు. మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. ఇక్కడ లీకు గాలి కూడా మానిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి, సెన్సార్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది. మిశ్రమం చెడదు, రేస్ ఎక్కుతుంది. ఈసీయూ థ్రాటిల్‌ను మూస్తూ రేస్ దించాలని చూస్తుంది. పూర్తిగా మూసినా దిగకపోతే పి0507 వస్తుంది, ఐడిల్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని దానర్థం. అందువల్ల మ్యాప్ బండిలో ఇంధన సర్దుబాటు అంకెలు మామూలుగా ఉన్నాయి కాబట్టి లీకు లేదనడం తప్పు. అక్కడ చూడవలసింది ఐడిల్‌లో థ్రాటిల్ ఎంత తెరుచుకుని ఉందన్నది. మామూలుకంటే బాగా తక్కువ తెరుచుకుని, రేస్ మాత్రం ఎక్కువుంటే గాలి ఇంకెక్కడినుంచో వస్తోందని అర్థం.

దీనికొక మినహాయింపు ఉంది. ఒకే సిలిండర్ దగ్గర, ఇంజెక్టర్ ఓ-రింగ్ దగ్గరో గ్యాస్కెట్ చివరో, లీకు ఉంటే మ్యాప్ బండిలోనూ ఆ ఒక్క సిలిండర్ పలచబడి మిస్సింగ్ వస్తుంది. పి0301 నుంచి పి0304 వరకు ఉండే కోడ్‌లలో ఒకటే పదేపదే వస్తుంటే, ఆ సిలిండర్ ప్లగ్గు, కాయిల్ చూసి ఊరుకోకుండా దాని చుట్టుపక్కల సీళ్లు కూడా చూడాలి.

లీకును పోలిన రోగాలు

పలచటి మిశ్రమం కోడ్ వచ్చిన ప్రతి బండిలోనూ లీకు ఉండదు. పెట్రోల్ పంపు బలహీనపడితే, ఫిల్టర్ పూడితే కూడా అదే కోడ్ వస్తుంది. తేడా ఏమిటంటే పంపు లోపం బండి బరువు లాగుతున్నప్పుడు, వేగంలో బయటపడుతుంది, లీకు ఐడిల్‌లో బయటపడుతుంది. ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు పొగగొట్టం పగిలితే బయటి గాలి అక్కడ చేరి సెన్సార్‌ను మోసం చేస్తుంది. మాఫ్ తీగకు దుమ్ము పట్టినా అది గాలిని తక్కువగా చూపుతుంది.

మన దేశంలో ఇటీవల దీనికి ఇంకో కారణం చేరింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కు ముందుకు జరిపారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. పది శాతం మిశ్రమానికి సరిచేసిన పాత కారులో ఈ20 పోస్తే సర్దుబాటు అంకె సుమారు మూడు నాలుగు శాతం పైకి జరుగుతుంది. స్కానర్‌లో ఆ అంకె చూసి లీకు అనుకుంటే పొరపాటు. ఇథనాల్ వల్ల వచ్చే పెరుగుదల ఐడిల్‌లోనూ, 2,500 ఆర్‌పీఎం దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. లీకు వల్ల వచ్చేది రేస్ పెంచేకొద్దీ తగ్గుతుంది. ఈ ఒక్క తేడా తెలిసిన మెకానిక్ అనవసరంగా మానిఫోల్డ్ విప్పడు.

లీకులు ఉండే చోట్లు

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది పైపులను. బానెట్ కింది వేడికి రబ్బరు గట్టిపడి, చివర్ల దగ్గర బీటలు వారుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో నిలిపిన బండికి ఈ వయసు త్వరగా మీదపడుతుంది. వానాకాలంలో కదలకుండా నిలిపిన కార్ల పైపులను ఎలుకలు కొరకడం మన ఊళ్లలో మామూలే.

పీసీవీ వాల్వు తెరుచుకున్న చోటే ఇరుక్కుపోతే అదే ఒక లీకు. ఈ వ్యవస్థ కారణంగా, మాఫ్ ఉన్న బండ్లలో ఆయిల్ మూత సరిగా పెట్టకపోయినా, డిప్‌స్టిక్ కూర్చోకపోయినా గాలి దూరుతుంది. సర్వీసు చేయించుకున్న మర్నాడే రేస్ మారిందంటే ముందు ఆ రెండూ చూడాలి. ట్యాంకు ఆవిరి లాగే పర్జ్ వాల్వు మూసుకోకపోతే ఐడిల్ చెడుతుంది, పెట్రోల్ నింపించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే మానిఫోల్డ్‌లోకి పొగ వస్తుంది. లక్షణాలు అలాగే ఉంటాయి.

ఇప్పటి మానిఫోల్డ్‌లు చాలావరకు గాజునార కలిపిన నైలాన్‌తో చేసినవి. తేలిక, చవక. కానీ బోల్టు అతిగా బిగిస్తే చీలతాయి, సిలిండర్ హెడ్ అల్యూమినియంతో పాటు సమానంగా వ్యాకోచించవు. అందుకే కొన్ని గ్యాస్కెట్లు పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి పీల్చి, ఇంజిన్ వేడెక్కాక బిగుసుకుంటాయి. పొద్దున్నే వణికి మధ్యాహ్నానికి బాగుపడే బండిని మధ్యాహ్నం పరీక్షిస్తే ఏమీ దొరకదు.

బయట బిగించిన గ్యాస్ కిట్లు మన దగ్గర ప్రత్యేక సమస్య. సీక్వెన్షియల్ సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు మానిఫోల్డ్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో రంధ్రం వేసి నాజిల్ దిగ్గొడతారు. ఏళ్ల తరబడి వణుకుడుకు ఆ నాజిల్ వదులైతే గ్యాస్ మీదే కాదు, పెట్రోల్ మీద నడిచినా లీకే. కిట్ ఉన్న బండిలో ముందు చూడాల్సింది ఆ నాజిళ్లనే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బ్రేకు బూస్టర్ లీకు. లోపలి పొర చిరిగితే రేస్ చెడడంతో పాటు బ్రేకు గట్టిపడుతుంది, పెడల్ నొక్కితే బుస్సుమంటుంది. పరీక్ష ఎవరైనా చేయవచ్చు. ఇంజిన్ ఆపి పెడల్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కాలి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

ఉందా అని తేల్చే సాధనాలు

మొదటిది వాక్యూమ్ గేజీ. కార్బురేటర్ కాలం నాటి మెకానిక్‌కు ఇదే స్టెతస్కోపు, ఇప్పటికీ దాని విలువ తగ్గలేదు. ముల్లు మామూలుకంటే మూడు నాలుగు అంగుళాలు తక్కువలో స్థిరంగా నిలిస్తే లీకు గానీ, ఆలస్యమైన టైమింగ్ గానీ కారణం. ఒక లయలో పడుతూ లేస్తూ ఉంటే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. రేస్ పెంచి ఉంచితే మెల్లగా పడిపోతుంటే పొగగొట్టం పూడింది. అయితే ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖ తీరంలో 19 చూపిన ఇంజిన్ హైదరాబాద్‌లో 17 దరిదాపుల్లో, అరకులో 16 దగ్గర చూపుతుంది. అది రోగం కాదు. పుస్తకంలోని అంకె సముద్రమట్టానిదని మరిచి పైనున్న ఊళ్లలో లీకుల కోసం వెతకడం వృథా శ్రమ.

రెండోది స్కానర్. భారత్‌లో 2013 నుంచి కొత్త కార్లకు ఓబీడీ-2 అనే స్వీయ పరీక్ష వ్యవస్థ తప్పనిసరి కావడంతో, చవకైన బ్లూటూత్ పరికరం, ఒక ఫోనూ ఉంటే ఎవరైనా సర్దుబాటు అంకెలు చదవవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో స్వల్పకాలిక, దీర్ఘకాలిక సర్దుబాట్లను కలిపి రాసుకోవాలి. తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి మళ్లీ రాసుకోవాలి. కలిపిన అంకె ప్లస్, మైనస్ పది లోపు ఉంటే సాధారణం. ఐడిల్‌లో ప్లస్ 20, పైన ప్లస్ 5 అంటే లీకు మీద అనుమానం బలపడుతుంది. రెండుచోట్లా ఎక్కువుంటే ఇంధనం వైపు చూడాలి, పైకెళ్లేకొద్దీ పెరిగితే పంపు వైపు చూడాలి. మ్యాప్ బండిలో వీటితో పాటు థ్రాటిల్ శాతం, మానిఫోల్డ్ ఒత్తిడి కూడా చూడాలి.

ఈ రెండూ లీకు ఎక్కడుందో చెప్పవు, చెప్పాల్సిన పని లేదు కూడా. ఉందని తేలకుండా వెతకడానికి దిగితే దొరకనిదానికోసం బండిని విప్పినట్టవుతుంది. కానీ చాలా షెడ్లలో స్కానర్ పెట్టేది కోడ్ చదవడానికి, చెరపడానికి మాత్రమే. కోడ్ చెరిపితే అంకెలు కూడా సున్నాకు పోతాయి, ఆధారమంతా పోతుంది. రాసుకోకుండా చెరపడం ఈ వెతుకులాటలో జరిగే అతిపెద్ద పొరపాటు.

ఎక్కడ అని చూపే పద్ధతులు

ముందు కళ్లు, చేతులు. టార్చి పట్టి ప్రతి పైపు చివరా వంచి చూస్తే సగం లీకులు ఇక్కడే దొరుకుతాయి. చెవికి ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని రెండో చివరను అతుకుల దగ్గర తిప్పితే బుస్సు ఎక్కడ పెరుగుతోందో తెలుస్తుంది. ఫ్యాను, బెల్టులకు దూరంగా ఉండాలి.

తర్వాతది ఒక్కొక్కటిగా మూసే పద్ధతి. మానిఫోల్డ్ నుంచి వెళ్లే పైపులను ఒక్కొక్కటే తీసి ఆ నోటిని మూసి, స్కానర్ అంకె మారిందేమో చూడడం. బూస్టర్ పైపు మూయగానే ఐడిల్ సర్దుకుంటే బూస్టర్ గానీ దాని వాల్వు గానీ దొంగ. ఖర్చు లేదు, ప్రమాదం తక్కువ, ఓపిక మాత్రం కావాలి. గట్టిపడిన పాత పైపును శ్రావణంతో నొక్కి మూయకూడదు, అక్కడే పగిలి కొత్త లీకు పుడుతుంది. ఈ పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నా అభిప్రాయం.

మన షెడ్లలో ఎక్కువగా కనిపించేది స్ప్రే పద్ధతి. ఇంజిన్ నడుస్తుండగా కార్బ్ క్లీనర్‌ను అనుమానమున్న చోట చల్లితే, లీకు దాన్ని పీల్చి రేస్ మారుతుంది. కార్బురేటర్ కాలంలో ఇది బాగా పనిచేసింది. ఇప్పుడు రెండు ఇబ్బందులున్నాయి. ఈసీయూ రేస్‌ను వెంటనే సరిచేసేస్తుంది కాబట్టి చెవికి తేడా అందదు, స్వల్పకాలిక సర్దుబాటు అంకె ఒక్కసారిగా పడిపోవడాన్ని చూడాలి. రెండోది మంట. ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే మండే ద్రవం చల్లడమిది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అయితే వేడికి విషవాయువుగా మారే ముప్పు కూడా ఉంది. ఇంటి గ్యాస్ సిలిండర్ గొట్టం తెచ్చి వదలడం, వెలుగుతున్న అగరుబత్తి తిప్పడం వంటివి అసలు చేయకూడనివి. స్ప్రే తప్పదనుకుంటే నీళ్ల స్ప్రే సీసా మేలు. నీరు ఒక్క క్షణం రంధ్రాన్ని మూసి ఐడిల్‌లో తేడా చూపుతుంది. కరెంటు కనెక్టర్ల మీద మాత్రం పడనివ్వకూడదు.

వీటన్నిటినీ మించినది పొగ పరీక్ష. ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ పైపును మూసి, మినరల్ ఆయిల్‌ను వేడి చేసి పుట్టించిన పొగను చాలా తక్కువ ఒత్తిడితో, ఒక పీఎస్ఐ లోపే, లోపలికి పంపుతారు. సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చరు పట్టుకున్నట్టే, పొగ వచ్చిన చోటే లీకు. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి ఫ్యాను భయం లేదు, చల్లటి గ్యాస్కెట్‌ను కూడా పట్టుకోవచ్చు. ఒకప్పుడు పెద్ద సర్వీసు సెంటర్లకే పరిమితమైన ఈ యంత్రం ఇప్పుడు మామూలు షెడ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

దీనికీ హద్దులున్నాయి. బాగా వేడెక్కితేనే, వణుకుతుంటేనే తెరుచుకునే బీటను ఇది పట్టదు. గాలిని ఒక్క దిక్కుకే వదిలే వాల్వుల అవతలికి పొగ పోదు. రెండు వాల్వులూ తెరిచి ఉన్న సిలిండర్‌లోంచి సైలెన్సర్ వైపు పొగ వస్తే అది లీకు కాదు. డిప్‌స్టిక్ దగ్గర పొగ కనిపిస్తే ఆ బండి క్రాంక్‌కేసు పీసీవీ ఏర్పాటు ఏ రకందో తెలిసి మాట్లాడాలి. ఒత్తిడి పెంచితే త్వరగా తెలుస్తుందని కంప్రెసర్ గాలి పెట్టేస్తే, ఉన్న సీళ్లు ఊడి కొత్త లీకులు తయారవుతాయి.

బాగుచేసే పద్ధతి

చోటు దొరికాక పని సులువు, అయినా అడ్డదారుల వల్ల చాలా బండ్లు మళ్లీ వెనక్కి వస్తాయి. పైపు చివర మాత్రమే చీలి, పొడవు మిగిలి ఉంటే ఆ ముక్క కోసి మళ్లీ ఎక్కించవచ్చు. లేదంటే అదే లోపలి వ్యాసం ఉన్నది కొత్తది వేయాలి. ఏ రబ్బరు అన్నది కూడా ముఖ్యం. రంగురంగుల సిలికాన్ పైపులు వేడికి తట్టుకుంటాయి, కానీ ఆయిల్, పెట్రోల్ ఆవిరి తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. పీసీవీ, పర్జ్ పైపులకు వాటిని వాడకూడదు. టేపు చుట్టడం, ఎపాక్సీ ముద్ద అంటించడం ఇంటికి చేరేదాకా పనికొచ్చే మాటే. ఆ ముద్ద ఎండి విరిగి ముక్క లోపలికి పోతే వాల్వు ఖరీదు చెల్లించాలి.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు రెండు ముఖాలనూ శుభ్రంగా తుడవాలి, గీతలు పడేలా గీకకూడదు. రబ్బరు గ్యాస్కెట్‌కు సీలెంటు పూయనక్కర్లేదు. బోల్టులు మధ్యనుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. నైలాన్ మానిఫోల్డ్‌కు కావలసింది చాలా కొద్ది బిగువు. చేతిబలం చూపితే చీలిక ఖాయం. ఇంజెక్టర్ ఓ-రింగులు మార్చే ముందు ఇంధన లైనులో ఒత్తిడి తీసేయాలి. కొత్త రింగుకు కొద్దిగా ఇంజిన్ ఆయిల్ రాసి కూర్చోబెట్టాలి, పొడిగా తోస్తే అది కోసుకుపోతుంది. పర్జ్, పీసీవీ వాల్వులను బాగుచేయడం కంటే మార్చడమే మేలు.

పని అయ్యాక కోడ్ చెరిపి, కంపెనీ చెప్పిన తీరులో ఐడిల్ తిరిగి నేర్పించాలి. ఇన్నాళ్లూ లీకుకు అలవాటుపడిన ఈసీయూ మొదట్లో తడబడవచ్చు. కొంతదూరం నడిపి, ముందు రాసుకున్న రెండు అంకెలనూ మళ్లీ చూడాలి. ఐడిల్ అంకె, పై అంకె దగ్గరపడితేనే పని పూర్తయినట్టు. రేస్ చెవికి బాగుందనడం చాలదు.

డీజిల్, టర్బో బండ్ల సంగతి

డీజిల్ ఇంజిన్ శక్తిని థ్రాటిల్‌తో అదుపు చేయదు కాబట్టి మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు. బూస్టర్ కోసం వేరే పంపు పెడతారు. అక్కడ లీకు వస్తే రేస్ చెడదు. బ్రేకు గట్టిపడుతుంది, లేదా టర్బోను కదిపే డబ్బీకి వాక్యూమ్ అందక పికప్ పోతుంది. చేతి పంపుతో ఆ డబ్బీకి వాక్యూమ్ ఎక్కించి ఒక నిమిషం నిలుస్తుందో లేదో చూడడమే ఇక్కడ సరైన పరీక్ష.

టర్బో పెట్రోల్ కార్లలో ఒకే బీట రెండు రకాలుగా కనిపిస్తుంది. ఐడిల్‌లో గాలి లోపలికి దూరుతుంది. టర్బో ఊదుతున్నప్పుడు గాలి బయటికి పోతుంది, అప్పుడు కొలిచిన గాలి పోయింది కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది. ఒకచోట పలచన, మరోచోట చిక్కదనం చూసి సెన్సార్ పోయిందనుకోవడం సాధారణం. ముందు పైపులు చూడాలి.

తీర్పు

పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే క్రమం స్పష్టంగానే ఉంది. లీకు ఉందా అన్నదానికి స్కానర్ అంకెలు, గేజీ. ఎక్కడ అన్నదానికి ముందు కన్ను, తర్వాత ఒక్కొక్కటిగా మూయడం, దొరకకపోతే పొగ. స్ప్రే చివరి దారి, అదీ మంట ఆర్పే సాధనం పక్కన పెట్టుకుని. అనుమానం మీద భాగాలు మార్చడం ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

చిన్న లీకే కదా అని వదిలేయడానికి కూడా వీల్లేదు. దొంగగాలి ఎయిర్ ఫిల్టర్‌ను తప్పించుకుని దుమ్ముతో సహా సిలిండర్లలోకి వస్తుంది. మిస్సింగ్ వల్ల కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. దాని ఖరీదు ముందు పైపు ఖరీదు లెక్కలోకే రాదు.

కారు యజమానులకు ఒక విన్నపం. ఈ ఫిర్యాదుతో షెడ్డుకు వెళ్లినప్పుడు ఏ భాగం మార్చాలని అడగకండి. ఐడిల్‌లో అంకె ఎంత, 2,500 దగ్గర ఎంత అని అడిగి, కోడ్ చెరపకముందే కాగితం మీద రాయించుకోండి. పని అయ్యాక అవే రెండు అంకెలు మళ్లీ చూపించమనండి. ఆ తర్వాతే బిల్లు కట్టండి.